డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు జీవితం – విద్యార్థి మనసు

డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు గారి పేరు మనలో చాలామంది వినే ఉంటారు. ఆయన కనిపెట్టిన మందుల గురించి ఎందరో రాశారు. మేము మాత్రం ఆయన విద్యార్థి జీవితం గురించి చెప్పదలిచాం. ఎందుకంటే కామారెడ్డి, ఎల్లారెడ్డి హాస్టళ్లలో మనం చూసే కష్టాలే ఆ జీవితంలోనూ ఉన్నాయి.

సుబ్బారావు గారు 1895 జనవరి 12న భీమవరంలో జన్మించారు. తల్లి వెంకమ్మ గారు, తండ్రి జగన్నాథం గారు. తండ్రి అనారోగ్యం వల్ల ఉద్యోగం ముందే మానుకోవడంతో ఇల్లు గడవడం కష్టమైంది. పదమూడేళ్ల వయసులో సుబ్బారావు గారు కాశీకి పోయి అరటిపండ్లు అమ్మి డబ్బు సంపాదిద్దామని ఇల్లు విడిచారు. తల్లి ఆయనను వెనక్కి రప్పించి మళ్లీ బడికి పంపింది. మెట్రిక్యులేషన్ రెండుసార్లు తప్పి, మూడోసారి మద్రాసులో గట్టెక్కారు. 1913లో తండ్రి చనిపోయారు. ఒక దశలో రామకృష్ణ మఠంలో చేరి సన్యాసి కావాలనుకున్నారు. తల్లి ఒప్పుకోలేదు.

అలాంటి పిల్లవాడు ఈరోజు మన గదిలో ఉంటే వెంటనే మెంటల్ అని పేరు పెట్టేస్తారు. ఎర్రగడ్డకు పంపాలని నవ్వుతారు. కానీ ఆలోచించండి. ఇల్లు విడవడానికి పేదరికం కారణం. పరీక్ష తప్పినవాడు దిగులు పడటం సహజం. తండ్రి పోయినవాడికి లోకం మీద విరక్తి కలగడమూ సహజమే. మన దగ్గర నాన్న దుబాయిలో, అమ్మ బీడీలు చుడుతూ ఊళ్లో ఉంటే, ఐదో తరగతి పిల్లవాడు ట్రంకు పెట్టె పక్కన కూర్చుని ఏడుస్తాడు. అది జబ్బు కాదు, ఇంటి మీద బెంగ.

తర్వాత ఆయన మద్రాసు మెడికల్ కాలేజీలో చదివారు. గాంధీజీ పిలుపుతో ఖద్దరు ధరించినందుకు సర్జరీ ప్రొఫెసర్ ఆగ్రహానికి గురయ్యారు. చివరికి ఎం.బి.బి.ఎస్. రాలేదు, తక్కువ స్థాయి అయిన ఎల్.ఎం.ఎస్. పట్టా మాత్రమే దక్కింది. ఇద్దరు సోదరులు కొద్ది రోజుల తేడాతో స్ప్రూ అనే పేగుల జబ్బుతో కన్నుమూశారు. 1922లో గర్భవతి అయిన భార్య శేషగిరి గారిని వదిలి అమెరికా వెళ్లి హార్వర్డ్‌లో చేరారు. ఖర్చుల కోసం ఆసుపత్రిలో రాత్రిపూట చిన్న పనులు చేశారు. తాను ఒక్కసారైనా చూడని కొడుకు పసివయసులోనే చనిపోయాడని అక్కడే తెలిసింది.

ఇన్ని దెబ్బలు తగిలినా ఆయన పని ఆగలేదు. 1925లో ఫిస్కే గారితో కలిసి రక్తంలో ఫాస్ఫరస్‌ను కొలిచే పద్ధతిని ప్రకటించారు. ద్రావణంలో వచ్చే నీలిరంగు ఎంత చిక్కగా ఉందో చూసి లెక్క చెప్పే పద్ధతి అది. మనసుకు మాత్రం అలాంటి రంగు పరీక్ష లేదు. అందుకే మామూలు బాధ ఏదో, జబ్బు ఏదో తెలుసుకోవాలంటే నాలుగు విషయాలు గమనించాలి.

మొదటిది కారణం: బాధకు తగిన కారణం కనిపిస్తున్నదా? రెండోది కాలం: రోజులు గడిచేకొద్దీ తగ్గుతున్నదా, లేక రెండు వారాలు దాటినా రోజంతా అలాగే ఉన్నదా? మూడోది దినచర్య: తిండి, నిద్ర, స్నానం, చదువు, ఆటలు సాగుతున్నాయా? నాలుగోది ప్రమాదం: చనిపోవాలని ఉందని అంటున్నాడా, తనను తాను గాయపరుచుకుంటున్నాడా? కారణం తెలిసినంత మాత్రాన ఊరుకోకూడదు. పరీక్ష తప్పిన దిగులు కూడా జబ్బుగా మారవచ్చు.

తల్లి చనిపోయిన కొత్తలో ఆమె పిలిచినట్టు ఒకటి రెండుసార్లు అనిపించడం దుఃఖంలో మామూలే. కానీ ఎవరూ లేకున్నా మాటలు వినపడుతూనే ఉంటే, అందరూ తనకు కీడు తలపెడుతున్నారని గట్టిగా నమ్ముతుంటే డాక్టరుకు చూపించాలి. గాలి సోకిందని తాయెత్తు కట్టించి కాలం గడిపితే జబ్బు ముదురుతుంది.

జబ్బుకు పేరు పెట్టడం మన పని కాదు, అది డాక్టర్ల పని. గమనించి, పక్కన కూర్చుని, వార్డెన్ సారుకో మేడమ్‌కో చెప్పి ప్రభుత్వ ఆసుపత్రికి తీసుకుపోవడం మన పని. టెలి మానస్ నంబరు 14416కు ఏ వేళ అయినా ఉచితంగా ఫోన్ చేయవచ్చు. చనిపోతానన్న మాట స్నేహితుడు రహస్యంగా చెప్పినా దాచకూడదు. అతన్ని ఒంటరిగా వదలకుండా వెంటనే పెద్దలకు తెలపాలి.

సుబ్బారావు గారంతటి వాడు తట్టుకున్నాడు, నువ్వెందుకు తట్టుకోలేవని ఎవరినీ నిలదీయకండి. ఆయన కూడా ఒంటరిగా గట్టెక్కలేదు. తల్లి పట్టుదల ఉంది, మామగారి సాయం ఉంది. మానసిక జబ్బు వచ్చినవాడికి ధైర్యం చెప్పడంతో పాటు వైద్యమూ కావాలి. మలేరియాకు మందు వేసుకోవడం ఎలా సిగ్గు కాదో ఇదీ అంతే.

1940లో సుబ్బారావు గారు లెడర్లీ ప్రయోగశాలలో చేరారు. అక్కడ ఆయన బృందం ఫోలిక్ ఆమ్లాన్ని తయారు చేసింది. తన సోదరులను బలిగొన్న స్ప్రూ జబ్బుకు అది మందుగా ఉపయోగపడింది. బోదకాలు వ్యాధికి వాడే మందు కూడా అక్కడి నుంచే వచ్చింది. స్వదేశానికి తిరిగి రాకుండానే 1948 ఆగస్టులో 53 ఏళ్ల వయసులో కన్నుమూశారు.

తమ్ముళ్లారా, చెల్లెళ్లారా! మాలో చాలామందిమి మా ఇళ్లలో డిగ్రీ పట్టా అందుకున్న మొదటివాళ్లం. ఆ పట్టా వెనుక ఇంట్లో వాళ్లు పెట్టుకున్న ఆశ ఎంత బరువో మాకు తెలుసు. దసరా సెలవుల తర్వాత ఒక మంచం ఖాళీగా కనిపిస్తే వాడు పారిపోయాడని నవ్వకండి. ఎందుకు రాలేదో కనుక్కోండి. కాశీకి బయలుదేరిన పిల్లవాడిని ఒక తల్లి వెనక్కి తెచ్చుకుంది. హాస్టల్లో ఆ తల్లి పని మనమే చేయాలి.