మహోన్నత క్రీడాకారిణి ఫ్లో హైమన్

మహిళల వాలీబాల్‌లో నెట్ ఎత్తు 2.24 మీటర్లు. దానిపైనుండి బంతిని బలంగా కొట్టడానికీ, ఎదుటివారి దెబ్బను అక్కడే అడ్డుకోవడానికీ పొడవైన దేహం ఎంతో ఉపకరిస్తుంది. అయితే పొడవు ఒక్కటే విజయాన్ని సాధించిపెట్టదు. ఏళ్ళ తరబడి చేసిన సాధన, ఆ సాధనవల్ల అబ్బిన అనుభవం దానికి తోడు కావాలి. ఈ సత్యానికి అమెరికా క్రీడాకారిణి ఫ్లో హైమన్ జీవితమే నిదర్శనం.

ఫ్లోరా జీన్ హైమన్ 1954 జూలై 31న కాలిఫోర్నియా రాష్ట్రంలో ఒక సామాన్య నల్లజాతి కుటుంబంలో జన్మించింది. తండ్రి రైల్వేలో పారిశుద్ధ్య పనివాడు. తల్లి చిన్న ఫలహారశాల నడిపేది. ఎనిమిదిమంది సంతానంలో ఫ్లో రెండవది. పన్నెండేళ్ళకే ఆరడుగులు ఎదిగిన ఆ బాలిక తోటివారి నడుమ తన పొడవును చూసుకొని సిగ్గుపడేది. అది దాచుకోవలసిన లోపం కాదనీ, గర్వించదగిన వరమనీ కుటుంబసభ్యులు ఆమెకు ధైర్యం చెప్పారు. పదిహేడేళ్ళు వచ్చేసరికి ఆమె ఎత్తు ఆరడుగుల ఐదంగుళాలు.

హ్యూస్టన్ విశ్వవిద్యాలయంలో క్రీడా ఉపకారవేతనం పొందిన తొలి మహిళ ఆమెయే. జాతీయ జట్టుకోసం చదువును మధ్యలోనే విడిచిపెట్టింది. ఆనాడు ఆ జట్టు స్థితి దయనీయం. 1972, 1976 ఒలింపిక్స్‌కు అర్హతకూడా పొందలేకపోయింది. కోచ్ ఎరీ సెలింజర్ కఠిన శిక్షణలో హైమన్ ఆట రూపుదిద్దుకొంది. నెట్ దగ్గర ఆమెకు ఎదురులేదు. కాని నేలకు జారే బంతికోసం దూకి పడడమంటే మొదట ఆమెకు భయం. పొడగరికి నేల దూరం కదా! ఆ భయాన్ని జయించిన తరువాతనే ఆమె సంపూర్ణ క్రీడాకారిణి అయింది.

1980 మాస్కో ఒలింపిక్స్‌ను అమెరికా బహిష్కరించడంతో ఆమె నిరీక్షణ మరో నాలుగేళ్ళు పొడిగింది. ఆమె నిరాశ చెందలేదు. 1982 ప్రపంచ చాంపియన్‌షిప్‌లో ఆ జట్టు కాంస్యం గెలిచింది. 1984 లాస్ ఏంజిల్స్ ఒలింపిక్స్ జరుగుతుండగానే హైమన్‌కు ముప్పయ్యేళ్ళు నిండాయి. తొలి దశలో చైనాను ఓడించిన అమెరికా, తుదిపోరులో ఆ జట్టు చేతిలోనే ఓడి రజతంతో తృప్తిపడింది. అమెరికా మహిళా వాలీబాల్‌కు అదే తొలి ఒలింపిక్ పతకం.

ఆ పిమ్మట హైమన్ జపాన్‌లో ఆడింది. 1986 జనవరి 24న మత్సుయే నగరంలో పోటీ మధ్యలో విశ్రాంతికై బెంచీపై కూర్చున్న ఆమె హఠాత్తుగా కుప్పకూలి మరణించింది. కారణం మార్ఫాన్ సిండ్రోమ్ అని శవపరీక్షలో తేలింది. ఇది తరచు వంశపారంపర్యంగా సంక్రమించే వ్యాధి. ఇది కలవారు సాధారణంగా పొడవుగా, దీర్ఘబాహువులతో ఉంటారు. గుండెనుండి దేహమంతటికీ రక్తాన్ని చేర్చే బృహద్ధమని మాత్రం బలహీనమై ఉంటుంది. ప్రపంచమంతా మెచ్చిన ఆ దేహంలో పొంచివున్న ఈ ప్రమాదాన్ని ఆమె జీవించివుండగా ఎవరూ గుర్తించలేదు.

ఆమె మరణానంతరం సోదరునికి పరీక్షలు జరిపించగా అదే వ్యాధి బయటపడింది. శస్త్రచికిత్సతో అతడు గండం గట్టెక్కాడు. క్రీడాకారుల ఎత్తునూ బరువునూ కొలిచినంత శ్రద్ధగా వారి గుండెనుకూడా పరీక్షించాలని హైమన్ జీవితం బోధిస్తున్నది. పుట్టుకతో వచ్చిన ఎత్తుకు సాధనతో సార్థకత కల్పించిన ఆమె చిరస్మరణీయురాలు.