విద్యార్థిగానే మిగిలిన పంతులు గారు

ప్రత్యేక సంచికకు ఒక మహనీయుని జీవితం గురించి వ్రాయమని మన సంఘ సంపాదకవర్గ మిత్రులు కోరినప్పుడు, నా మనస్సులో ముందుగా మెదిలిన పేరు గిడుగు వెంకట రామమూర్తి పంతులు గారిది. ఏటా ఆగస్టు 29న ఆయన జయంతిని తెలుగు భాషా దినోత్సవంగా జరుపుకుంటున్నాం. పటానికి దండ వేసి, వ్యవహారిక భాషోద్యమానికి ఆద్యుడని నాలుగు మాటలు చెప్పి సభ ముగిస్తాం. ఆ చెప్పేది నిజమే. కాని పింఛనుదారులమైన మనకు ఆయన జీవితంలో మరొక పాఠం ఉంది. ఆయన పేరు నిలబెట్టిన పనిలో పెద్ద భాగం ఉద్యోగ విరమణ తరువాత చేసినదే. పైగా చిన్నతనంలో తండ్రి పోవడం, నడివయసు దాటాక చెవులు మొరాయించడం, నమ్మిన పని ఓడిపోవడం, ముసలితనంలో ఉన్న ఊరు వదలవలసి రావడం, ఇవన్నీ ఆయనకు జరిగాయి. వాటిని ఆయన ఎలా ఎదుర్కొన్నారో మిత్రులతో పంచుకోవాలని ఈ చిన్న ప్రయత్నం.

బాల్యము, ఉద్యోగము

పంతులు గారు 1863 ఆగస్టు 29న శ్రీముఖలింగ క్షేత్రానికి దగ్గరలోని పర్వతాలపేట గ్రామంలో జన్మించారు. వంశధార నది ఒడ్డున ఉన్న ఆ ప్రాంతం అప్పట్లో గంజాం జిల్లాలో ఉండేది. తండ్రి వీర్రాజు గారు రెవెన్యూ ఉద్యోగి. తల్లి వెంకమ్మ గారు. 1875లో తండ్రికి చోడవరం బదిలీ అయింది. అదే సంవత్సరం జ్వరం వచ్చి ఆయన కన్నుమూశారు. అప్పటికి రామమూర్తి గారికి పన్నెండేళ్ళు. బదిలీ ఉద్యోగి పిల్లలకు ఊరు మారడం కొత్త కాదని మనందరికీ తెలుసు. కాని తండ్రి లేకుండా ఊరు మారడం వేరు. విశాఖపట్నంలో మేనమామ గారింట ఉండి చదువు సాగించి 1879లో మెట్రిక్యులేషన్ పూర్తి చేశారు.

మరుసటి ఏడాది, అంటే 1880లో, పర్లాకిమిడి రాజావారి పాఠశాలలో నెలకు ముప్పై రూపాయల జీతం మీద చిన్న తరగతులకు చరిత్ర చెప్పే ఉపాధ్యాయుడుగా చేరారు. ఉద్యోగం దొరికింది గదా అని చదువు కట్టిపెట్టలేదు. పగలు పాఠాలు చెబుతూ, ప్రైవేటుగా చదివి 1886లో ఎఫ్.ఏ., 1896లో బి.ఏ. పూర్తి చేశారు. మెట్రిక్యులేషన్‌కూ పట్టాకూ మధ్య పదిహేడు సంవత్సరాలు పట్టింది. సంసారం, ఉద్యోగం మోస్తూ శాఖాపరమైన పరీక్షలకు కూర్చున్న మన వంటి వారికి ఆ పదిహేడేళ్ళ విలువ వేరే చెప్పనక్కరలేదు. ఆ పాఠశాల కళాశాల అయినప్పుడు ఆయన కళాశాల తరగతులకు పాఠాలు చెప్పే స్థానానికి ఎదిగారు.

చరిత్ర బోధించేవారు కనుక పక్కనే ఉన్న శ్రీముఖలింగం ఆలయాల శాసనాలు ఆయనను ఆకర్షించాయి. చదివి చెప్పేవారు లేకపోతే తనంతట తానే ప్రాచీన లిపి నేర్చుకుని ఆ శాసనాలు చదివారు.

సవరల మధ్య

పర్లాకిమిడి చుట్టుపట్ల కొండల్లో సవరలు ఉంటారు. సంతకు వచ్చే ఆ కొండవారి మాట కింది ఊళ్ళవారికి అర్థం కాదు, వీరి మాట వారికి అర్థం కాదు. పిల్లలకు చదువు అసలే లేదు. పంతులు గారికి వారి భాష నేర్చుకోవాలని సంకల్పం కలిగింది. పుస్తకాలు లేవు, వ్యాకరణం లేదు, లిపి కూడా లేదు. తెలుగూ సవరా రెండూ తెలిసిన ఒకరిని తన ఇంట్లోనే ఉంచుకుని మాట మాటా విని నేర్చుకున్నారు. పట్టా కోసం చదువుకుంటున్న మాస్టారు ఇంటికి వచ్చి సవర మనిషి ముందు శిష్యుడై కూర్చున్నారన్న మాట. ఆ రోజులలో అది చిన్న విషయం కాదు.

నేర్చుకున్నది తన వద్ద దాచుకోలేదు. సవర భాషలో పాఠ్యపుస్తకాలు తయారు చేసి, సొంత డబ్బుతో బడులు పెట్టి, ఉపాధ్యాయులకు తానే జీతాలిచ్చి, ఆ పిల్లలకు వారి భాషలోనే చదువు చెప్పించారు. ఈ సేవకు 1913లో రావు సాహెబ్ బిరుదు వచ్చింది.

అయితే ఈ పనికి ఆయన పెద్ద మూల్యం చెల్లించారు. కాలినడకన అడవుల్లో తిరగడం వల్ల మలేరియా పట్టుకుంది. దానికి వాడిన క్వినైన్ వల్ల వినికిడి దెబ్బతిని, రానురాను చెవుడు మిగిలింది. మాటను చెవితో విని పట్టుకోవడమే పనిగా పెట్టుకున్న మనిషికి చెవులే పోవడం కంటె కష్టం ఏముంటుంది? అయినా ఆయన సవర పని వదలలేదు. సుమారు ముప్పై ఐదేళ్ళ కృషి ఫలించి సవర వ్యాకరణం 1931లోను, సవర–ఇంగ్లీషు నిఘంటువు 1938లోను మద్రాసు ప్రభుత్వం అచ్చు వేసింది. నిఘంటువు వెలువడేనాటికి ఆయన డెబ్బై అయిదో ఏట ఉన్నారు. 1934లో కైజర్-ఇ-హింద్ పతకం లభించింది.

విరమణ తరువాత మొదలైన పని

1906–07 ప్రాంతంలో ఉత్తర కోస్తా జిల్లాల పాఠశాలల తనిఖీ అధికారిగా యేట్సు దొర వచ్చారు. జనం మాట్లాడే తెలుగు ఒకటి, బడి పుస్తకాలలో తెలుగు మరొకటి ఎందుకుందన్నది ఆయన సందేహం. ఆ ప్రశ్న విజయనగరంలో గురజాడ అప్పారావు గారికి, విశాఖపట్నంలో కళాశాల ప్రిన్సిపాలు పి.టి. శ్రీనివాస అయ్యంగారు గారికి, పర్లాకిమిడిలో పంతులు గారికి పెద్ద ఆలోచన పుట్టించింది. సవర పిల్లలకు వారి మాటలోనే చదువు చెప్పాలని తెలుసుకున్న ఆయనకు, తెలుగు పిల్లలకు మాత్రం ఎవరూ మాట్లాడని తెలుగులో ఎందుకు చెప్పాలన్నది సహజంగానే తట్టి ఉంటుంది.

1911లో, నలభై ఎనిమిదో ఏట, ముప్పై ఏళ్ళ సర్వీసు ముగించుకుని స్వచ్ఛందంగా ఉద్యోగ విరమణ చేశారు. విశ్రాంతి కోసం కాదు. అదే సంవత్సరం ఆంధ్ర సాహిత్య పరిషత్తు ఏర్పడి, జయంతి రామయ్య పంతులు గారి వంటి పెద్దలు గ్రాంథికం పక్షాన నిలిచారు. ప్రభుత్వం మొదట కొంత సుముఖంగా ఉన్నా 1915 నాటికి వెనుకకు తగ్గింది. ఆ ఏడాదే గురజాడ వారు దివంగతులయ్యారు. పని ఓడిపోయింది, తోడు పోయింది. మరొకరైతే అక్కడితో సరిపెట్టుకునేవారు.

పంతులు గారు పుస్తకాలు మూటగట్టుకుని ఊరూరా తిరిగారు. ఆయన వాదం ఆవేశం మీద కాక ఆధారాల మీద నడిచేది. ప్రాచీన కావ్యాలన్నీ గాలించి, మహాకవులు సైతం తమ కాలపు వాడుకను అనుసరించారని, వ్యాకరణ నియమాలు చెప్పే పండితులు కూడా ఆ నియమాలు తప్పకుండా వ్రాయలేకపోతున్నారని వారి పుస్తకాల నుంచే ఉదాహరణలు తీసి చూపారు. గ్రాంథికం రాక ఈ వాదం చేశారనడానికి వీలులేదు. దానిని ఆమూలాగ్రం చదివినవారు కనుకనే కావ్యభాష కావ్యాలలో ఉండవచ్చుననీ, ఇప్పటి వచనానికి ఇప్పటి శిష్టుల వాడుకే తగినదనీ చెప్పగలిగారు.

1919లో వర్తమాన వ్యవహారిక భాషా ప్రవర్తక సమాజం ఏర్పడినప్పుడు దానికి అధ్యక్షులుగా ఉండడానికి కందుకూరి వీరేశలింగం పంతులు గారు అంగీకరించారు. అప్పటికి వీరేశలింగం గారికి డెబ్బై ఏళ్ళు దాటాయి, అదే ఆయన ఆఖరి సంవత్సరం. జీవితమంతా గ్రాంథికంలో గ్రంథాలు వ్రాసిన పెద్దమనిషి ఆ వయసులో అభిప్రాయం మార్చుకోవడం నాకు ఎంతో గొప్పగా తోస్తుంది. ఆ సంవత్సరమే రామమూర్తి గారు ‘తెలుగు’ అనే మాసపత్రిక నడిపారు. 1924లో పరిషత్తు వ్యవహారిక భాషపై నిషేధం ఎత్తివేసింది. 1925లో తణుకు సభలో ఆయన గంటల తరబడి ప్రసంగించి సభ్యులను తన వైపు తిప్పుకున్నారు. ఆయన శిష్యులు తాపీ ధర్మారావు గారు తరువాత పత్రికా రచనలో వాడుక భాషకు స్థానం కల్పించారు.

సరిహద్దు గీత

1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రం ఏర్పడింది. పర్లాకిమిడి అందులోకి పోయింది. పర్లాకిమిడి రాజా కృష్ణచంద్ర గజపతి గారు ఒరిస్సా ఏర్పాటుకు కృషి చేసిన ప్రముఖులు. పంతులు గారు ముప్పై ఏళ్ళు కొలువు చేసింది ఆ సంస్థానం బడిలోనే. అయినా తెలుగు ప్రాంతాలను కలపరాదని మొగమాటం లేకుండా పోరాడారు. ఫలితం దక్కలేదు. కొత్త రాష్ట్రం ప్రారంభమైన రోజున, యాభై అయిదేళ్ళకు పైగా ఉన్న ఊరు విడిచి రాజమహేంద్రవరం చేరుకున్నారు. అప్పుడు ఆయన వయస్సు డెబ్బై రెండు.

ఇక్కడ మనం గమనించవలసినది ఒకటుంది. మార్పును ఆహ్వానించిన మహనీయుడని ఆయనను పొగుడుతాం గాని, వచ్చిన ప్రతి మార్పుకూ ఆయన తల ఊపలేదు. భాష మారడం ప్రకృతి ధర్మమని గ్రహించి దానితో నడిచారు. సరిహద్దు గీత మనుషులు గీసినది కనుక ఎదిరించారు. ఎదిరించి ఓడాక కూడా చేతిలో పని ఆపలేదు. సవర నిఘంటువు అచ్చయింది ఊరు మారిన తరువాతే. ఆంధ్ర విశ్వవిద్యాలయం 1938లో కళాప్రపూర్ణతో సత్కరించింది. 1940 జనవరి 22న మద్రాసులో పరమపదించారు. తెలుగు పాఠ్యగ్రంథాలు వాడుక భాషలోకి రావడాన్ని ఆయన చూడలేదు. 1968లో తెలుగు అకాడమి ఏర్పడిన తరువాతనే కళాశాల పుస్తకాలలో అది స్థిరపడింది.

మనకు మిగిలిన పాఠం

ఒక సంగతి ఒప్పుకోవాలి. నేను కొలువులో చేరిన కొత్తలో ఫైళ్ళన్నీ ఇంగ్లీషులోనే నడిచేవి. తరువాత తెలుగులో వ్రాయమని ఉత్తర్వులు వచ్చినప్పుడు మాలో చాలామందిమి సణుక్కున్నాం. నేనైతే ఇంగ్లీషు డ్రాఫ్టునే మక్కీకి మక్కీగా తెలుగు చేసి, చూడబడినది, కోరడమైనది అంటూ పంపేవాడిని. ఒకసారి ఒక రైతు నా చేతి మీదుగా వెళ్ళిన మెమో పట్టుకుని బస్సెక్కి వచ్చి, అందులో ఏముందో చెప్పమని నన్నే అడిగాడు. అతనికి చదువు వచ్చు. నా తెలుగే అతనికి రాలేదు. అతని అర్జీ ఆమోదం పొందిందన్న ఒక్క ముక్క కోసం ఆ మనిషి ఒక రోజు కూలి, రానుపోను ఛార్జీలు పోగొట్టుకున్నాడు. పంతులు గారి పోరాటం ఎందుకోసమో ఆ రోజున నాకు బోధపడింది. ఆ తరువాత ఇంట్లో మాట్లాడే తెలుగుకు దగ్గరగా వ్రాయడం అలవాటు చేసుకున్నాను. అందుకు నాకు రెండు మూడేళ్ళు పట్టింది.

నేడు జీవన ప్రమాణ పత్రం సెల్‌ఫోనులో ఇవ్వవచ్చునంటే మనలో కొందరం ఇంకా మనుమల వెంట పడుతున్నాం. అందులో చిన్నతనం లేదు. సవర మనిషిని గురువుగా ఇంట్లో పెట్టుకున్న పంతులు గారి కంటె మనం పెద్దవాళ్ళం కాము గదా. నచ్చని మార్పును కాదనే హక్కు మనకు ఉంది. అది మన సంఘం ద్వారా వినిపిద్దాం. కాని తెలియనిది నేర్చుకోవడానికి మాత్రం వయసు అడ్డం పెట్టవద్దు. చెవులు వినపడకపోయినా చివరిదాకా నేర్చుకుంటూనే ఉన్న ఆ పంతులు గారికి మన పింఛనుదారులందరి తరఫున నమస్సుమాంజలి.