మట్టిలో మందు వెతికించిన సుబ్బారావు

వరిలో పాముపొడ తెగులు కనిపిస్తే గోదావరి డెల్టా రైతు వాలిడామైసిన్ కొడతాడు. అగ్గితెగులు వస్తే కాసుగామైసిన్ వాడతాడు. రెండూ శిలీంధ్రాలు తెచ్చే తెగుళ్లు. ఆ రెండు మందులకూ మూలం మట్టిలో బతికే స్ట్రెప్టోమైసిస్ జాతి బ్యాక్టీరియా. ఇదే జాతిలో మనుషుల రోగాలకు మందు వెతికించిన శాస్త్రవేత్త పుట్టింది కూడా ఈ డెల్టాలోనే. ఆయన యల్లాప్రగడ సుబ్బారావు.

1895 జనవరి 12న భీమవరంలో పుట్టారు. ఇద్దరు సోదరులను స్ప్రూ వ్యాధి పొట్టన పెట్టుకుంది. మద్రాసు మెడికల్ కాలేజీలో ఖద్దరు కట్టినందుకు ఆచార్యుడి ఆగ్రహానికి గురై, ఎంబీబీఎస్ బదులు ఎల్‌ఎంఎస్ పట్టాతో సరిపెట్టుకున్నారు. భార్య శేషగిరిని ఇక్కడే వదిలి అమెరికా వెళ్లారు. మళ్లీ తిరిగి రాలేదు. హార్వర్డ్‌లో సైరస్ ఫిస్కేతో కలిసి, శరీరంలోని ఫాస్ఫరస్‌ను కొలిచే పద్ధతిని 1925లో ప్రకటించారు. అయినా అక్కడ స్థిరమైన ఉద్యోగం దక్కలేదు. 1940లో న్యూయార్క్ రాష్ట్రంలోని లెడర్లీ లేబొరేటరీస్‌లో చేరి, పరిశోధనకు సారథి అయ్యారు.

మట్టిలో తిండి కోసం, చోటు కోసం సూక్ష్మజీవుల మధ్య ఎడతెగని పోరు ఉంటుంది. కొన్ని బ్యాక్టీరియాలు రసాయనాలు వదిలి పక్కవాటిని ఎదగనివ్వవు. విత్తనానికి సూడోమోనాస్ పట్టించడం వెనకున్న కారణాల్లో ఇదొకటి. 1943లో స్ట్రెప్టోమైసిన్ మట్టి నుంచే దొరికాక మందుల కంపెనీలన్నీ మట్టి మీద పడ్డాయి.

లెడర్లీలో ఆ వెతుకులాట చేసిన బెంజమిన్ డగ్గర్ వైద్యుడు కాదు, మొక్కల తెగుళ్ల నిపుణుడు. పంటల శిలీంధ్ర వ్యాధులపై 1909లోనే పుస్తకం రాశారు. విశ్వవిద్యాలయంలో పదవీ విరమణ చేసి, డెబ్బై దాటిన వయసులో ఇక్కడికి వచ్చారు. మిస్సోరీలోని ఒక ప్రయోగ క్షేత్రం నుంచి వచ్చిన మట్టిలో ఆయనకు బంగారు రంగు స్ట్రెప్టోమైసిస్ దొరికింది. దాని నుంచి వచ్చిన ఆరియోమైసిన్ టెట్రాసైక్లిన్ మందుల్లో మొదటిది. శిలీంధ్రాల మీద అది పనిచేయదు, బ్యాక్టీరియా రోగాలనే అణచివేస్తుంది. పంటల తెగుళ్లు చదివిన కన్నుకు ప్రాణరక్షక మందు చిక్కిందంటే, వ్యవసాయానికీ వైద్యానికీ మధ్య మనం గీసుకున్న గీత మట్టిలో లేదనే అర్థం.

1948 జులైలో ఆ మందును లోకానికి ప్రకటించారు. ఆగస్టులో, 53 ఏళ్ల వయసులో, సుబ్బారావు నిద్రలోనే కన్నుమూశారు. ఆవిష్కర్తగా డగ్గర్ పేరు నిలిచింది, అది న్యాయమే. దారి వేసిన సారథి మాత్రం మరుగున పడ్డారు. నోబెల్ రాలేదు. 1953లో ఆయన స్మృత్యర్థం ఒక జీవికి సుబ్బరోమైసిస్ అని పేరు పెట్టారు. అది బ్యాక్టీరియా కాదు, ఒక శిలీంధ్రం.