చక్రవర్తిని పొట్టివాణ్ణి చేసిన చిత్రకారుడు

నెపోలియన్ పేరు వినగానే పెద్ద టోపీ పెట్టుకున్న ఒక పొట్టివాడు మన కళ్లకు కడతాడు. నిజానికి అతని ఎత్తు సుమారు ఐదడుగుల ఆరంగుళాలు. ఆనాటి ఫ్రెంచివారిలో అది తక్కువ ఎత్తేమీ కాదు. మరి ఈ పొట్టిరూపం ఎక్కడ పుట్టింది? లండన్ నగరంలో, రాగిరేకుల మీద పుట్టింది. దానికి ప్రాణం పోసినవాడు జేమ్స్ గిల్రే.

గిల్రే 1756లో చెల్సీలో జన్మించాడు. తండ్రి స్కాట్లండు సిపాయి. 1745లో ఫాంటెనాయ్ యుద్ధంలో ఫ్రెంచివారితో పోరాడి ఒక చేయి పోగొట్టుకున్నాడు. కుమారుడు మొదట లోహంపై అక్షరాలు చెక్కే పనిలో కుదిరాడు. విసుగెత్తి ఊరూరా తిరిగే నాటకాలవారి వెంట వెళ్లిపోయాడు. తిరిగివచ్చి 1778లో రాయల్ అకాడమీ పాఠశాలలో చేరాడు.

రాగిరేకుకు మైనపు పూత పూసి, దానిపై సూదితో బొమ్మ గీసి, ఆమ్లం పోసేవారు. గీత పడినచోటల్లా ఆమ్లం రాగిని తినేది. ఆ గాళ్లలో సిరా నింపి కాగితంపై అచ్చొత్తి, చేత్తో రంగులు వేసేవారు. గిల్రే బొమ్మలను హానా హంఫ్రీ అనే వర్తకురాలు అమ్మేది. ఆమె దుకాణం 1797 నుండి సెయింట్ జేమ్స్ వీధిలో ఉండేది. గిల్రే కాపురం ఆ ఇంటి మేడమీదనే. కొత్త బొమ్మ కిటికీలో పెట్టగానే వీధిలో జనం గుమిగూడేవారు. కొనలేని పేదవాడు కూడా అక్కడ నిలబడి తనివితీరా నవ్వుకోగలిగేవాడు.

1803లో మళ్లీ యుద్ధం వచ్చింది. ఫ్రెంచి సేనలు కాలువ దాటి వస్తాయని ఇంగ్లండు వణికింది. అప్పుడు గిల్రే ఆ భయంకరుణ్ణి కుర్చీలూ బల్లలూ తన్ని మారాం చేసే పిల్లవాడిగా చిత్రించాడు. మరొక బొమ్మలో జార్జి రాజు అరచేతిలో నిలబెట్టి, దుర్భిణితో పరిశీలింపజేశాడు. 1805లో భూగోళాన్నే ఒక పిండివంట చేసి, మంత్రి పిట్ సముద్రాన్నీ నెపోలియన్ ఐరోపానూ కోసుకుంటున్నట్లు గీశాడు. ఆ బొమ్మలో ఆశపోతులు ఇద్దరూ!

అయితే ఆ సూదికి ఒక వెల కూడా పడింది. అంతకుముందు సొంత రాజునూ మంత్రినీ కూడా విడిచిపెట్టని గిల్రేకు 1797 నుండి ప్రభుత్వం ఏటా 200 పౌన్ల భృతి ఇచ్చింది. ఆ తరువాత ఆ వాడి ఎక్కువగా ప్రతిపక్షంవారికీ, పరదేశీయులకూ తగిలింది.

1806 నుండి చూపు మందగించింది. 1810 నాటికి మతి చలించింది. కడదాకా అతణ్ణి కనిపెట్టి చూసినది హంఫ్రీయే. 1815 జూన్ 1న కన్నుమూశాడు. సరిగ్గా పదిహేడు రోజులకు వాటర్లూలో నెపోలియన్ ఓడిపోయాడు. ఆ వార్త వినే భాగ్యం గిల్రేకు దక్కలేదు.

నవ్వు నాలుగు విధాల చేటని మన పెద్దల మాట. భయంతో వణికే జనానికి ఆ నవ్వే ధైర్యమైంది. నిజానికి మాత్రం చేటైంది. వాటర్లూలో ఓడిన చక్రవర్తి సెయింట్ హెలీనా దీవిలో 1821లో మరణించాడు. రాగిరేకు మీది పొట్టివాడు మాత్రం నేటికీ బ్రతికే ఉన్నాడు. శత్రువును చూసి నవ్వేటప్పుడు సైతం, ఆ బొమ్మ గీసిన చేతిని ఒక్కసారి చూడటం మంచిది.