రమాబాయి ముక్తి సదనం - మన సంఘాల బాధ్యత

దిక్కులేని పిల్లలను చేరదీయడం క్రైస్తవ సంఘాలకు కొత్త కాదు. తెలుగు నేల మీద మిషన్ల చరిత్రలో బోర్డింగు బడి, అనాథాశ్రమం, ఆస్పత్రి ఒకదాని వెంట ఒకటి వచ్చాయి. అన్నం పెట్టాం, అక్షరం నేర్పాం, ప్రార్థన నేర్పాం. ఆ పిల్లలను దిక్కులేనివారిగా చేసిన కులాన్ని, ప్రభుత్వాన్ని, కుటుంబ ఆచారాన్ని వారి తరఫున ఎంతవరకు నిలదీశాం? ఈ ప్రశ్న ఎదురైనప్పుడల్లా నేను పండిత రమాబాయి జీవితాన్ని తిరగేస్తాను. ఆమె చేసిన పనిలోనూ, చేయడానికి ఆలస్యం చేసిన పనిలోనూ మనకు పాఠాలున్నాయి.

రమాబాయి 1858 ఏప్రిల్ 23న పడమటి కనుమల్లోని గంగామూలలో చిత్పావన బ్రాహ్మణ కుటుంబంలో పుట్టింది. తండ్రి అనంతశాస్త్రి డోంగ్రే భార్యకు సంస్కృతం నేర్పి స్వకులం ఆగ్రహానికి గురైనవాడు. ఆ తల్లే రమాబాయికి గురువు. ఆస్తి కరిగిపోయాక ఆ కుటుంబం పుణ్యక్షేత్రాల వెంట తిరుగుతూ, పురాణం చదివి, వచ్చిన దక్షిణతో బతికింది. 1870ల కరువులో ఆ దక్షిణా ఆగిపోయింది. కూలి చేయడానికి కులాభిమానం ఒప్పుకోలేదు. చేతిపని ఏదీ నేర్చుకోనూ లేదు. తిరుపతి కొండల అడవుల్లో ఆకులూ నీళ్లూ కడుపులో వేసుకుని రోజులు గడిపారు. 1874లో కొద్ది నెలల తేడాతో తండ్రి, తల్లి కన్నుమూశారు. తల్లి పాడె మోయడానికి నలుగురు దొరకకపోతే పదహారేళ్ల రమాబాయి తానే ఒక కొమ్ము పట్టింది. ఎత్తు చాలక తల మీద పెట్టుకుని మోసిందని ఆమె జీవితకథ చెబుతుంది. శ్రమను హీనంగా చూసే కులం చివరకు తన బిడ్డలనే ఆకలికి వదిలేసిన తీరు ఇందులో నాకు స్పష్టంగా కనిపిస్తుంది. ముక్తి సదనంలో ప్రతి అమ్మాయికీ ఒక చేతిపని నేర్పాలన్న ఆమె పట్టుదల ఈ అనుభవం నుంచే వచ్చిందని నా నమ్మకం.

అన్న శ్రీనివాస్‌తో కలిసి దేశమంతా కాలినడకన తిరిగి 1878లో కలకత్తా చేరింది. ఆమె సంస్కృత పాండిత్యానికి అక్కడి విద్వాంసులు పండిత, సరస్వతి బిరుదులిచ్చారు. 1880లో అన్న చనిపోయాడు. అదే ఏడాది శూద్రుడిగా లెక్కించిన కులానికి చెందిన బెంగాలీ న్యాయవాది బిపిన్ బిహారీ మేధావిని ఆమె సివిల్ వివాహం చేసుకుంది. రెండేళ్లు నిండకముందే అతణ్ణి కలరా బలిగొంది. చంటిబిడ్డ మనోరమతో పుణే చేరిన ఆ యువ వితంతువు ఆర్య మహిళా సమాజాన్ని స్థాపించింది. 1882లో హంటర్ విద్యా కమిషన్ ముందు నిలబడి స్త్రీలకు స్త్రీ ఉపాధ్యాయులు, స్త్రీ వైద్యులు కావాలని వాదించింది. ప్రభుత్వం ముందు బలహీనుల తరఫున మాట్లాడడం ఆమెకు క్రైస్తవురాలు కాకముందే అలవాటు.

1883లో ఇంగ్లండులో బాప్తిస్మం తీసుకుంది. పుణే పెద్దలు భగ్గుమన్నారు. ఆమె పక్షాన నిలిచినవారిలో జోతిరావు ఫూలే ఒకరు. బ్రాహ్మణ వితంతువుల పసికందులను కాపాడడానికి 1863లోనే తన ఇంట్లో చోటిచ్చిన ఫూలేకు రమాబాయి నిర్ణయం వెనుక ఉన్న వేదన అర్థమైంది. తర్వాత అమెరికా వెళ్లిన రమాబాయి, బాల్యవివాహాన్నీ బాలవితంతువుల బతుకునూ వివరిస్తూ 1887లో ఇంగ్లిషులో పుస్తకం రాసింది. పదకొండేళ్లకే పెళ్లయిన రఖ్మాబాయి భర్త దగ్గరికి వెళ్లనన్నందుకు ఆ ఏడాదే కోర్టు జైలు బెదిరింపుతో తీర్పిస్తే, ఆంగ్ల ప్రభుత్వాన్ని రమాబాయి ఘాటుగా తప్పుపట్టింది. తనకు ఆశ్రయమిచ్చిన దేశపు పాలకులనైనా ఆడపిల్ల విషయంలో ఆమె ఉపేక్షించలేదు.

1889 మార్చిలో బొంబాయిలో శారదా సదనం తెరిచింది. మరుసటి ఏడాది అది పుణేకు మారింది. అది ప్రధానంగా అగ్రవర్ణ బాలవితంతువుల కోసం పెట్టిన ఇల్లు. మతబోధ ఉండదని దాతలకూ పెద్దలకూ మాటిచ్చింది. చేరినవారి కులాచారాలకు భంగం కలగకుండా ఏర్పాట్లు చేసింది. ఆ రాజీ లేకపోతే ఒక్క బ్రాహ్మణ బాలిక కూడా గడప దాటి వచ్చేది కాదని ఆమె వాదన. అది అబద్ధం కాదు. అయినా బహుజన పక్షాన నిలబడి చూస్తే, ఆ వాకిలి మాలమాదిగల బిడ్డల కోసం తెరిచింది కాదన్నదీ అంతే నిజం. ఆ రాజీ కూడా ఆమెను కాపాడలేదు. కొందరు బాలికలు ఆమె ప్రార్థనకు వచ్చి కూర్చుంటున్నారని 1893లో పుణేలో గొడవ లేచింది. తిలక్ పత్రిక కత్తి దూసింది, సలహా సంఘంలోని రనడే, భండార్కర్ వంటివారు తప్పుకున్నారు, తల్లిదండ్రులు పిల్లలను తీసుకుపోయారు.

ఆ గడపను పగలగొట్టింది మళ్లీ కరువే. 1896-97లో మధ్య పరగణాల్లో కరువు విరుచుకుపడింది. కరువు శిబిరాల్లో ఆడపిల్లలను ఎత్తుకుపోయేవారు కాచుకుని ఉన్నారు. రమాబాయి స్వయంగా అక్కడికి వెళ్లి దాదాపు మూడు వందల మంది స్త్రీలను, బాలికలను వెంట తెచ్చింది. ఎముకల గూళ్లలా ఉన్న ఆ పిల్లలను కులం అడిగే వ్యవధి ఎవరికుంది? పుణేకు సమీపంలోని కేడ్గావ్‌లో కొన్న పొలంలో ముక్తి సదనం వెలిసింది. 1900 నాటి గుజరాత్ కరువు తర్వాత అక్కడ సుమారు రెండు వేల మంది ఉండేవారు. ఆ ఆవరణలో కులానికి చోటు లేదు. నేత, నూనె గానుగ, పాడి, తోటపని, అచ్చుపని అందరూ నేర్చారు. అంధులకు బ్రెయిలీ నేర్పారు. మోసపోయి బయటపడిన స్త్రీలకు కృపా సదనం ఏర్పడింది. నిజాం రాజ్యంలోని గుల్బర్గాలో కూడా ఆమె సంస్థ బాలికల బడి నడిపింది.

ఆమె జీవితంలో నాకు అన్నిటికన్నా ముఖ్యమనిపించే ఘట్టం 1897 నాటిది. పుణేలో ప్లేగు అదుపు పేరిట అధికారులు సైనికులను ఇళ్లలోకి పంపారు. ప్లేగు ఆస్పత్రికి తరలించిన తన అమ్మాయిల్లో ఒకరికి అక్కడ రక్షణ కరువైందని తెలిసినప్పుడు రమాబాయి పత్రికకెక్కింది. విషయం బ్రిటిష్ పార్లమెంటు దాకా పోయింది. బొంబాయి గవర్నర్ ఆమె మాటలు నిజం కాదన్నాడు. పాలకులదీ ఆమెదీ ఒకే మతం, విరాళాలిచ్చేవారిదీ అదే మతం. ఆ బంధం ఆమె నోరు కట్టేయలేదు. ఆశ్రయం ఇవ్వడంతో ఆగక న్యాయం కోరడమంటే ఇదే.

ఆమెను విగ్రహంగా నిలబెట్టడం నా ఉద్దేశం కాదు. ముక్తి సదనంలో పిల్లలు పెద్ద సంఖ్యలో బాప్తిస్మం పొందారు. అన్నం పెట్టే చేయే దేవుణ్ణీ చూపినప్పుడు ఆ పసివాళ్ల ఎంపిక ఎంత స్వేచ్ఛగా జరిగిందన్న సందేహం న్యాయమైనదే. గుర్తింపు పొందిన, నిధులు తీసుకునే విద్యాసంస్థల్లో సంరక్షకుల సమ్మతి లేకుండా మైనర్లను మతబోధకు కూర్చోబెట్టరాదని మన రాజ్యాంగం 28వ అధికరణం చెబుతోంది. ఆశ్రయానికి మతం ధర కాకూడదు. ఈ మాట చర్చికి ఎంత వర్తిస్తుందో మఠానికీ మదర్సాకూ అంతే వర్తిస్తుంది.

ఇక మన సంగతి. తెలుగు సంఘాలు కూడా కరువు కడుపున పుట్టినవే. 1876-78 నాటి ధాత కరువులో ఒంగోలు మిషనరీ క్లౌ బకింగ్‌హాం కాలువ పని కాంట్రాక్టు తీసుకుని మాదిగపల్లెలకు కూలి చూపాడు. 1878లో అక్కడ వేల మంది బాప్తిస్మం పొందారు. ఆ పునాది మీద లేచిన సంఘాల్లోనే మాల చర్చి, మాదిగ చర్చి, రెడ్ల చర్చి అన్న గీతలు ఇప్పటికీ చెరగలేదు. కొన్నిచోట్ల శ్మశానంలోనూ ఆ గీత ఉంది. పెద్దలు గీసిన ఈ గీతల మధ్యే సంఘం చేరదీసిన బిడ్డలు పెరుగుతారు.

చేయవలసిన పని గాలిలో లేదు, చట్టంలో ఉంది. 2015 నాటి బాల న్యాయ చట్టం ప్రకారం బాలల గృహాలన్నీ నమోదు కావాలి, ప్రతి బిడ్డ విషయమూ బాలల సంక్షేమ కమిటీ ముందుకు రావాలి, సంస్థలో ఉంచడం చివరి మార్గం కావాలి. పేదరికమే కారణమైతే బిడ్డను తల్లి నుంచి వేరుచేయనక్కర్లేదు. మిషన్ వాత్సల్య కింద నెలకు 4,000 రూపాయల సాయం కోసం ఆ తల్లి తరఫున దరఖాస్తు రాసిపెట్టడం సంఘం చేయదగిన సేవ. బాల్యవివాహం జరుగుతోందని తెలిస్తే 1098కి ఫోన్ చేయాలి, ఆ పెళ్లికి ప్రార్థన చేయకూడదు. అత్యాచారం చేసినవాడు సంఘ పెద్ద అయినా పోక్సో కింద ఫిర్యాదు చేయాలి. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు వల్ల దళిత క్రైస్తవ బిడ్డ ఎస్సీ హోదా కోల్పోయి బీసీ-సి కింద ఒక్క శాతం రిజర్వేషన్‌లో పోటీపడుతున్నాడు. ఈ అన్యాయంపై సంఘాలు ఎన్నికల ముందు ఒక తీర్మానంతో సరిపెట్టుకోకూడదు.

1921లో కూతురు మనోరమ పోయింది. సరళమైన మరాఠీలోకి బైబిలు అనువాదం ముగించి, 1922 ఏప్రిల్ 5న రమాబాయి కన్నుమూసింది. ఆ అక్షరాలను కూర్చినవారు ముక్తి సదనం స్త్రీలు. తిరుపతి అడవిలో ఆకులు తిన్న బాలిక రెండు వేల మందికి అన్నం పెట్టింది, వారిలో ఒక్క పిల్ల కోసం సామ్రాజ్యంతో తలపడింది. మన సంఘాలు అన్నం పెట్టడం నేర్చుకున్నాయి. తలపడడం ఇంకా నేర్చుకోవలసి ఉంది.