ఋణానుబంధం

పందొమ్మిదో శతాబ్ది ఉత్తరార్ధంలో పోలెండ్ అనే దేశం ప్రపంచపటంలో కనిపించేది కాదు. ఇరుగుపొరుగు రాజ్యాలు మూడు దానిని పంచుకొన్నాయి. వార్సా నగరం రష్యా చక్రవర్తి ఏలుబడిలో ఉండేది. బడిలో పిల్లలు మాతృభాషలో చదువుకొనే వీలు లేదు. పోలిష్ ఉపాధ్యాయుడు ఎంత సమర్థుడైనా రష్యన్ అధికారి దయాదాక్షిణ్యాల మీద బ్రతకవలసిందే. అటువంటి వార్సాలో, 1867 నవంబరు 7న, ఒక ఉపాధ్యాయ దంపతులకు ఐదో సంతానంగా మరియా స్క్లొడోవ్‌స్కా జన్మించింది. ఇంట్లో అందరూ ఆమెను మాన్యా అని ముద్దుగా పిలిచేవారు. తరువాతి కాలంలో లోకం ఆమెను మేరీ క్యూరీగా ఎరిగింది. రేడియం కనుగొన్న కథ పాఠశాల విద్యార్థులకు సైతం తెలుసు. ఆమె ప్రయోగశాల గడప తొక్కడానికి ఎవరెవరు ఏమేమి వదులుకోవలసి వచ్చిందో అంతగా తెలియదు.

తండ్రి వ్లాదిస్లావ్ ప్రభుత్వ పాఠశాలలో భౌతికశాస్త్రమూ గణితమూ బోధించేవాడు. తల్లి ఒక బాలికల పాఠశాలకు ప్రధానోపాధ్యాయిని. మాన్యా పుట్టిన కొద్దికాలానికే ఆమె ఆ ఉద్యోగం మానుకొన్నది. ఆపై క్షయవ్యాధి సోకింది. పిల్లలకు అంటుతుందన్న భయంతో ఆమె తన కంచమూ గ్లాసూ వేరుగా పెట్టుకొనేది. కన్నబిడ్డలను ముద్దుపెట్టుకొనేది కాదు. వంశగౌరవం గల ఇంట పుట్టిన స్త్రీ అయినా, ఐదుగురు పిల్లలకు చెప్పుల ఖర్చు మోయలేమని గ్రహించి, తోలూ పనిముట్లూ తెప్పించుకొని, తానే జోళ్ళు కుట్టడం నేర్చుకొన్నది. ఆ రోజులలో ఆ అంతస్తు స్త్రీలెవరూ ఆ పనికి పూనుకొనేవారు కారు.

1873లో ఆ కుటుంబానికి పెద్ద దెబ్బ తగిలింది. పై అధికారితో పొసగకపోవడం చేత తండ్రి జీతం తగ్గింది. ఉద్యోగంతోపాటు వచ్చిన నివాసం చేజారింది. అదే కాలంలో ఆయన ఒక బంధువు మాట నమ్మి ఆవిరి మర మీద పెట్టిన ముప్ఫైవేల రూబుళ్ళు మునిగిపోయాయి. అది జీవితమంతా కూడబెట్టిన సొమ్ము. బిడ్డల కట్నాలూ చదువులూ అందులోనే పోయాయని ఆయన చివరి రోజుల వరకూ తనను తాను నిందించుకొంటూ ఉండేవాడు.

ఇల్లు గడవడానికి విద్యార్థులను భోజన వసతులతో ఇంట ఉంచుకోవడం మొదలుపెట్టారు. ఇద్దరు ముగ్గురితో ఆరంభమై ఆ సంఖ్య పదికి చేరింది. ఇల్లు ఇల్లుగా ఉండడం మానేసి సత్రమైపోయింది. మాన్యా భోజనాల గదిలో సోఫా మీద పడుకొనేది. విద్యార్థుల ఉదయపు ఫలాహారానికి ఆ గది కావాలి కనుక తెల్లవారుజామున ఆరు గంటలకే లేచి పక్క ఎత్తివేయవలసి వచ్చేది. ఇరుకూ గోలా భరించవచ్చు. కానీ ఆ విద్యార్థులలో ఒకరి నుండి 1876లో టైఫస్ జ్వరం ఇంట ప్రవేశించి పెద్దకూతురు జోఫియాను తీసుకొనిపోయింది. రెండో కూతురు బ్రోన్యా అదే జ్వరంతో పడి లేచింది. రెండేళ్ళకు, 1878 మే నెలలో, తల్లి కన్నుమూసింది. అప్పటికి మాన్యాకు పదేళ్ళు.

తల్లి లేని ఆ ఇంట చదువు ముగించుకొన్న బ్రోన్యా తాళపుచెవులు చేతికి తీసికొన్నది. మాన్యాకంటే ఆమె మూడేళ్ళకు మించి పెద్ద కాదు. అయినా సరుకుల లెక్కలూ వంటా చూసుకొంటూ చెల్లెళ్ళకు తల్లిగా మారింది. తండ్రి శనివారం సాయంత్రాలు పిల్లలను చుట్టూ కూర్చోబెట్టుకొని విదేశీ గ్రంథాలను అక్కడికక్కడే పోలిష్‌లోకి మారుస్తూ చదివి వినిపించేవాడు. పైసా ఖర్చులేని వినోదం అది. ఆ ఇంటి పిల్లలకు అంతకంటే విలువైన ఆస్తి మరొకటి దక్కలేదు.

1883లో మాన్యా బంగారు పతకంతో పాఠశాల చదువు పూర్తిచేసింది. అన్న యూజెఫ్ వార్సా విశ్వవిద్యాలయంలో వైద్యం చదువుతున్నాడు. ఆ విశ్వవిద్యాలయం తలుపులు స్త్రీలకు మూసివున్నాయి. బ్రోన్యాకు వైద్యురాలు కావాలని కోరిక. అందుకు పారిస్ వెళ్ళడం తప్ప గత్యంతరం లేదు. ఇంటింటికీ తిరిగి పాఠాలు చెప్పి ఆమె పోగుచేసిన డబ్బు పారిస్‌లో ఒక్క ఏడాదికి సరిపోతుంది. వైద్యవిద్యకు ఐదేళ్ళు పడుతుంది. మాన్యాకూ పారిస్ చదువుమీదే ఆశ. ఇద్దరూ విడివిడిగా కూడబెడితే ఇద్దరికీ వయసు మీరిపోవడం ఖాయం.

ఉపాయం చిన్నదే ఆలోచించింది. ముందు అక్క వెళ్ళాలి. తాను ఎవరైనా సంపన్నుల ఇంట పిల్లలకు పాఠాలు చెప్పే కొలువులో చేరితే తిండీ బసా ఉచితం. జీతంలో ఎక్కువ భాగం మిగులుతుంది. ఆ మిగిలినది అక్కకు పంపాలి. అక్క వైద్యురాలయ్యాక చెల్లెలిని పిలిపించి చదివించాలి. ఇదీ ఒప్పందం. బ్రోన్యా మొదట అంగీకరించలేదు. ముందు వెళ్ళవలసినది తానే ఎందుకు కావాలని వాదించింది. చురుకైనది చెల్లెలే అని ఆమెకు తెలుసు. బ్రోన్యాకు ఇరవై ఏళ్ళనీ తనకు పదిహేడేననీ, తాను ఆగగలననీ మాన్యా సమాధానం. కాగితం లేదు, సాక్షి లేడు. 1885లో బ్రోన్యా పారిస్ రైలెక్కింది.

మాన్యా 1886 జనవరిలో, వార్సాకు సుమారు వంద కిలోమీటర్ల దూరంలోని ష్చుకి అనే పల్లెలో, ఒక వ్యవసాయక్షేత్ర నిర్వాహకుని ఇంట చేరింది. ఏడాదికి ఐదువందల రూబుళ్ళు జీతం. అంటే నెలకు నలభైకి కొంచెం పైన. అందులో పదిహేను, ఒక్కోసారి ఇరవై రూబుళ్ళు నెలనెలా పారిస్‌కు వెళ్ళేవి. పగలంతా ఆ ఇంటి పిల్లలకు పాఠాలు. ఆపై ఊరి రైతుకూలీల పిల్లలను పోగుచేసి రహస్యంగా పోలిష్ అక్షరాలు దిద్దించేది. బయటపడితే సైబీరియా ప్రవాసం తప్పని నేరం అది. ఇంటి పెద్దమ్మాయి ఆమెకు తోడు నిలిచింది. రాత్రిళ్ళు భౌతికశాస్త్రం, గణితం తానే చదువుకొనేది. లెక్కలలో చిక్కుముడి పడితే తండ్రికి ఉత్తరం రాసేది. ఆయన పరిష్కారం తపాలాలో పంపేవాడు.

అక్కడ ఆమెకు మరొక పరీక్ష ఎదురైంది. వార్సాలో గణితం చదువుతున్న ఆ ఇంటి పెద్దకొడుకు సెలవులకు వచ్చి ఆమెను ప్రేమించాడు. ఇద్దరూ పెళ్ళి చేసుకోదలచారు. తమ ఇంట జీతానికున్న పంతులమ్మ కోడలు కావడమా అని అతని తల్లిదండ్రులు ససేమిరా అన్నారు. కొడుకు వెనుకంజ వేశాడు. అభిమానం గల ఏ యువతి అయినా మరునాడే మూటాముల్లె సర్దుకొనేది. మాన్యా సర్దుకోలేదు. ఆమె లేచి వస్తే పారిస్‌లో అక్క చదువు ఆగిపోతుంది. అవమానం దిగమింగి అదే ఇంట, అదే బల్ల దగ్గర, అదే పిల్లలకు పాఠాలు చెబుతూ 1889 వరకు ఉండిపోయింది. ప్రయోగశాలలో చూపిన ఓర్పును లోకం మెచ్చుకొన్నది. ఈ ఓర్పు దానికంటే కఠినమైనది.

1888లో తండ్రి, ఉద్యోగవిరమణ తరువాత, వార్సా సమీపంలోని బాలనేరస్థుల సంస్కరణాలయంలో అధికారిగా చేరాడు. ఇష్టపడి చేసిన కొలువు కాదు. జీతం ఎక్కువని చేరాడు. అప్పటినుండి బ్రోన్యాకు నెలకు నలభై రూబుళ్ళు తండ్రే పంపసాగాడు. వెంటనే బ్రోన్యా చేసిన పని గమనించదగినది. ఇకమీదట చెల్లెలు డబ్బు పంపవద్దని చెప్పి, తనకు వచ్చే నలభైలో ఎనిమిది రూబుళ్ళను నెలనెలా మాన్యా పేర దాచవలసిందిగా తండ్రిని కోరింది. పారిస్ చలిలో ముప్ఫైరెండు రూబుళ్ళతో సరిపెట్టుకొంటూ ఆమె ఋణం తీర్చడం మొదలుపెట్టిందన్నమాట.

1890లో ఒప్పందం ప్రకారం పిలుపు వచ్చింది. బ్రోన్యా చదువు ముగింపుకు వచ్చింది. ప్రవాసంలో ఉన్న పోలిష్ దేశభక్తుడు, వైద్యుడు కజిమీర్ ద్లుస్కీతో పెళ్ళి నిశ్చయమైంది. తమ ఇంటనే ఉండి చదువుకోవచ్చని అక్క వ్రాసింది. ఇన్నేళ్ళు ఎదురుచూసిన మాన్యా రానన్నది! వృద్ధుడైన తండ్రితో ఒక సంవత్సరం గడుపుతానని మాట ఇచ్చింది; అన్నకూ మరో అక్క హెలెనాకూ అక్కరకు రావాలి. అదీగాక, ఆశ పెట్టుకొని భంగపడిన మనసు మళ్ళీ ఆశపడడానికి జంకింది. మరో ఏడాది గడిచాక గాని ఆమె అక్కకు అడుగుతూ ఉత్తరం వ్రాయలేదు.

1891 నవంబరులో ఆమె బయలుదేరింది. పారిస్‌లో ఏదీ కొనవలసిన అవసరం రాకుండా పరుపూ దుప్పట్లూ ముందే పంపించింది. జర్మనీ గుండా వెళ్ళే రైలులో నాలుగో తరగతి టిక్కెట్టు. సామాను పెట్టెలాంటి ఆ బోగీలో కూర్చోవడానికి మడత కుర్చీ వెంట తెచ్చుకొన్నది. మూడు రోజులకు సరిపడా తిండీ మూటలోనే ఉంది.

సొర్బాన్ విశ్వవిద్యాలయంలో చేరిన మొదటి నెలలు అక్కాబావల ఇంటనే గడిచాయి. బావ మాటకారి. రోగులు, స్నేహితులు, పియానో పాటలతో ఇల్లు ఎప్పుడూ కళకళలాడేది. అది విశ్వవిద్యాలయానికి గుర్రపు బస్సులో గంట దూరం. కాలమూ చార్జీ డబ్బులూ కలిసివస్తాయని 1892లో ఆమె కళాశాల దగ్గరలో అటక గదికి మారింది. ఆస్తి మొత్తం నెలకు నలభై రూబుళ్ళు, అంటే రోజుకు మూడు ఫ్రాంకులు. గది అద్దె, తిండి, బట్టలు, జీతాలు అన్నీ అందులోనే. బొగ్గు బస్తా తానే ఆరంతస్తులు మోసుకొనిపోయేది. దీపపు నూనె మిగలాలని రాత్రి పదింటివరకు గ్రంథాలయంలో చదివేది. అక్కడ వెచ్చదనమూ ఉచితమే. చలి మరీ పెరిగిన రాత్రులలో ఉన్న బట్టలన్నీ దుప్పటిమీద పరుచుకొనేది. వారాల తరబడి రొట్టె, వెన్న, టీ తప్ప మరొకటి ఎరుగదు.

ఒకనాడు ఆమె స్పృహతప్పి పడిపోయింది. కబురు అందుకొని బావ పరుగున వచ్చాడు. వైద్యుడు గనుక రోగిని చూడకముందే గది చూశాడు. గిన్నెలు శుభ్రంగా ఉన్నాయి, వాడిన జాడే లేదు. గుచ్చిగుచ్చి అడిగితే నిన్నటినుండి గుప్పెడు ముల్లంగి దుంపలు, కాసిని చెర్రీపండ్లు తిన్నట్లు తేలింది. అతడు మరదలిని అప్పటికప్పుడు ఇంటికి తీసుకొనిపోయాడు. బ్రోన్యా వారంరోజులపాటు దగ్గర కూర్చుండి మాంసమూ కూరగాయలూ తినిపించింది. కోలుకొని అటక గదికి తిరిగివచ్చాక మాన్యా మళ్ళీ పాత పద్ధతిలోనే బ్రతికిందట. ఇది పొదుపు అనిపించుకోదు, దేహద్రోహమే. అక్క కోపగించుకోవడం న్యాయమే.

1893లో భౌతికశాస్త్ర పట్టాపరీక్షలో ఆమె ప్రథమురాలిగా నిలిచింది. చేతిలో డబ్బు నిండుకొని చదువు ఆగిపోయే స్థితిలో, విదేశాలలో చదివే పోలిష్ విద్యార్థులకిచ్చే ఆరువందల రూబుళ్ళ వేతనం లభించింది. మరుసటి ఏడాది గణితంలో ద్వితీయురాలైంది. తరువాత తన మొదటి పరిశోధనకు ముట్టిన డబ్బులోనుండి ఆ ఆరువందలూ తిరిగి చెల్లించింది. విద్యార్థి వేతనం వాపసు ఇవ్వడం అక్కడివారు కనీవినీ ఎరుగనిది. మరో పేద విద్యార్థి నిరీక్షిస్తూ ఉంటాడని ఆమె తలపు.

1895 జూలై 26న ఫ్రెంచి శాస్త్రవేత్త పియరీ క్యూరీని ఆమె వివాహమాడింది. పెళ్ళి దుస్తులు బ్రోన్యా అత్తగారు కానుకగా ఇస్తానన్నప్పుడు, తరువాత ప్రయోగశాలకు తొడుక్కోవడానికి పనికివచ్చే ముదురు రంగువి కావాలని కోరింది. కానుకగా వచ్చిన డబ్బుతో దంపతులు రెండు సైకిళ్ళు కొన్నారు. వారి ఇంట ఒక బల్ల, రెండు కుర్చీలు. మూడో కుర్చీ ఉంటే అతిథి కూర్చుంటాడు, పని చెడుతుంది. వంట మాత్రం అక్క దగ్గర ముందే నేర్చుకొన్నది. ప్రతి ఖర్చూ లెక్కపుస్తకంలో ఎక్కేది. 1897లో ఐరీన్ పుట్టిన కొన్నాళ్ళకే అత్తగారు మరణించగా, మామగారు కొడుకు ఇంటికి వచ్చి మనుమరాలి ఆలనాపాలనా చేపట్టాడు. ఆ వృద్ధుని అండ లేకుంటే కారుతున్న పాకలో ఆమె పగలంతా ఖనిజం మరిగిస్తూ గడపగలిగేది కాదు. 1898లో పొలోనియం, రేడియంల ఉనికి ప్రకటితమైంది. 1902 నాటికి పదోవంతు గ్రాము రేడియం లవణం చేతికి వచ్చింది. ఆ ఏడే తండ్రి మరణించాడు.

1903లో నోబెల్ బహుమానంలో భాగంగా వచ్చిన డెబ్బైవేల ఫ్రాంకులు ఆ ఇంట అడుగుపెట్టిన మొదటి పెద్ద మొత్తం. అప్పటికి బ్రోన్యా దంపతులు పోలెండ్ కొండలలోని జకోపానెలో క్షయరోగుల ఆరోగ్యకేంద్రం నెలకొల్పారు. తల్లిని బలిగొన్న వ్యాధి అది. ఆ కేంద్రానికి మేరీ దంపతులు ఇరవైవేల ఆస్ట్రియా క్రౌన్లు పంపారు. బంధువులకు, పేద విద్యార్థులకు కొంత వెళ్ళింది. చిన్ననాడు ఫ్రెంచి నేర్పిన ఉపాధ్యాయిని తన పుట్టిన ఊరు చూడాలని కోరుకొనేదని గుర్తుంచుకొని ఆమెకు ప్రయాణఖర్చులు పంపింది. తమకోసం చేసుకొన్న విలాసం ఒక స్నానాలగది బాగుచేయించుకోవడం, ఒక గదికి కొత్త కాగితం అంటించడం.

1906 ఏప్రిల్‌లో బండి చక్రాల కింద పడి పియరీ మరణించాడు. ప్రభుత్వం ఇవ్వజూపిన భరణాన్ని మేరీ తిరస్కరించింది. పిల్లలను తానే పోషించుకోగలనన్నది. మామగారు కోడలి వద్దనే ఉండిపోయి 1910లో మరణించే వరకు మనుమరాళ్ళను పెంచాడు. ఆ దుర్దినాలలో పోలెండ్ నుండి వచ్చి చెల్లెలి పక్కన కూర్చున్నది బ్రోన్యాయే. 1911లో రెండో నోబెల్ బహుమానానికి స్టాక్‌హోమ్ వెళ్ళినప్పుడు వెంట నడిచినదీ బ్రోన్యాయే.

వార్సాలో రేడియం సంస్థ నిర్మించాలని మేరీ సంకల్పించగా ఆ నిర్మాణభారమంతా అక్క తలకెత్తుకొన్నది. భర్తనూ ఇద్దరు బిడ్డలనూ పోగొట్టుకొన్న వయసులో కూడా ఆమె ఆ పని వదలలేదు. చందాలు పోగుచేసింది. అమెరికన్ మహిళలు 1929లో సమకూర్చిన ధనంతో కొన్న గ్రాము రేడియాన్ని మేరీ ఆ సంస్థకే ఇచ్చింది. 1932లో ఆ సంస్థ ప్రారంభమైంది.

ఏళ్ళ తరబడి రేడియోధార్మిక కిరణాల మధ్య పనిచేసిన ఫలితంగా రక్తం క్షీణించి మేరీ క్యూరీ 1934 జూలై 4న మరణించింది. 1995లో పారిస్‌లోని పాంథియన్‌కు తరలించే వరకు ఆమె పార్థివదేహం సో పట్టణంలో భర్త సమాధిలోనే ఉంది. 1934 జూలై 6న అక్కడ అంత్యక్రియలు జరిగినప్పుడు ఉపన్యాసాలు లేవు, ఊరేగింపు లేదు. యూజెఫ్, బ్రోన్యా పోలెండ్ నుండి పిడికెడు మట్టి తెచ్చారు. శవపేటిక దించాక అన్న, అక్క ఆ మట్టిని దానిమీద చల్లారు.