నాలుగవ హెన్రీ

పదహారవ శతాబ్దంలో ఫ్రాన్సు దేశం మతకలహాలతో అట్టుడికిపోయింది. కాథలిక్కులు, ప్రొటెస్టెంట్లు ఉభయులూ క్రైస్తవులే. అయినా ఆరాధన విషయంలో తలెత్తిన భేదాలు పగలుగా మారాయి. 1562లో మొదలైన అంతర్యుద్ధాలు ముప్ఫై ఆరేళ్ళు సాగాయి. ఆ చిచ్చును చల్లార్చినవాడు నాలుగవ హెన్రీ.

హెన్రీ 1553లో జన్మించాడు. అతని తల్లి నవార్ అనే చిన్న రాజ్యానికి రాణి. ఆమె ప్రొటెస్టెంటు. కొడుకును కూడా తన మతంలోనే పెంచింది. 1572లో ఆమె మరణించగా హెన్రీ నవార్ రాజయ్యాడు. ఆ ఆగస్టులోనే పారిస్ నగరంలో ఫ్రాన్సు రాజు చెల్లెలితో అతని వివాహం జరిగింది. ఆమె కాథలిక్కు. ఈ పెళ్ళితో రెండు వర్గాల మధ్య సఖ్యత కుదురుతుందని పెద్దలు ఆశించారు. కాని ఆరు రోజులకే పారిస్‌లో ప్రొటెస్టెంట్లను ఊచకోత కోశారు. పెళ్ళికి వచ్చినవారు ఎందరో అందులో బలి అయ్యారు. ప్రాణాలు దక్కించుకోవడానికి హెన్రీ మతం మారవలసి వచ్చింది. మూడేళ్ళకు పైగా రాజసభలో బందీవలె గడిపాడు. 1576లో తప్పించుకొని, తిరిగి ప్రొటెస్టెంట్ల నాయకుడయ్యాడు.

1589లో ఫ్రాన్సు రాజు మూడవ హెన్రీ హత్యకు గురయ్యాడు. ఆయనకు సంతానం లేదు. వారసత్వరీత్యా సింహాసనం నవార్ హెన్రీకి సంక్రమించింది. కాని ప్రజలలో అధికసంఖ్యాకులు కాథలిక్కులు. కాథలిక్ కూటమి అతనిపై తిరగబడింది. స్పెయిన్ రాజు దానికి అండగా నిలిచాడు. 1590లో హెన్రీ పారిస్‌ను ముట్టడించాడు. తిండి లేక వేలమంది మరణించారు. అయినా నగరం లొంగలేదు. కత్తితో ప్రజల మనసులు గెలవలేనని హెన్రీ గ్రహించాడు. 1593లో కాథలిక్ మతం స్వీకరించాడు. మరుసటి ఏడాది పారిస్ అతనికి తలుపులు తెరిచింది. నగరంలో ఉన్న స్పెయిన్ సైనికులను అతడు క్షేమంగా వెళ్ళనిచ్చాడు. తనతో పోరాడిన ప్రభువులను శిక్షించలేదు. ధనం, పదవులు ఇచ్చి ఒక్కొక్కరినే తనవైపు తిప్పుకొన్నాడు.

మతం మారినా హెన్రీ పాత సహచరులను మరువలేదు. 1598 ఏప్రిల్‌లో నాంట్ శాసనం ప్రకటించాడు. దాని ప్రకారం ఎవరి విశ్వాసం వారు నిలుపుకోవచ్చు. నిర్ణయించిన స్థలాలలో ప్రొటెస్టెంట్లు ప్రార్థనలు జరుపుకోవచ్చు. ప్రభుత్వోద్యోగాలకు వారూ అర్హులే. వారి వ్యాజ్యాలను విచారించడానికి ఇరువర్గాల న్యాయమూర్తులతో న్యాయస్థానాలు ఏర్పడ్డాయి. అయితే రాజ్యానికి కాథలిక్ మతమే ప్రధానంగా ఉండిపోయింది. పారిస్ నగరంలో ప్రొటెస్టెంట్ల ఆరాధనకు అనుమతి లేదు. అందువల్ల ఈ శాసనం ఏ పక్షాన్నీ పూర్తిగా తృప్తిపరచలేదు. పారిస్ ఉన్నత న్యాయస్థానం సైతం దానిని ఆమోదించడానికి మొదట నిరాకరించింది. హెన్రీ పట్టువిడువక న్యాయమూర్తులను ఒప్పించాడు. 1598 మే నెలలోనే స్పెయిన్‌తో కూడా సంధి కుదుర్చుకొన్నాడు.

శాంతి నెలకొనగానే రోడ్లు, వంతెనలు బాగుపడ్డాయి. వ్యవసాయం కోలుకొంది. కాని 1610లో ఒక మతోన్మాది హెన్రీని కత్తితో పొడిచి చంపాడు. 1685లో అతని మనుమడు పద్నాలుగవ లూయీ నాంట్ శాసనాన్ని రద్దు చేశాడు. లక్షకు పైగా ప్రొటెస్టెంట్లు దేశం విడిచిపోయారు. వారిలో నిపుణులైన పనివారు, వర్తకులు ఎందరో ఉన్నారు. ఎంతో ఓర్పుతో సాధించిన సామరస్యాన్ని ప్రతి తరమూ కాపాడుకోవాలని హెన్రీ జీవితం తెలుపుతుంది.